దిగువ చేనికి జారిన మన్ను

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. మట్టి సంగతే అయినా కడుపు మండిన సంగతి. దూరం నుంచి వింటే సగం పోతుంది.

నేను గుడియాత్తంలో మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. నన్ను ఇచ్చింది మాత్రం గుట్ట కింద ఏటవాలు చేను ఉన్న ఇంటికి. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నన్ను చేను ఎగువకు పిలుచుకుపోయి ఒక బండ చూపించింది. ఎండకు కాగి, వానకు చల్లబడి, ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడుతోంది. కింద రాలిన పెచ్చు ఒకటి నా చేతిలో పెట్టి నలపమంది. నలిపితే గరుసై రాలింది.

"మన్నుకు తల్లి ఇదేనమ్మా. ఈ గరుసు మన్నయ్యేది నీ మనమరాలు కూడా చూడదు. ఉండేదాన్ని పోనీయొద్దు," అంది.

అందుకే ఆమె వాలుకు అడ్డంగా మూడు రాతి గట్లు పెట్టింది. కలుపు తీస్తూ చేతికి తగిలిన ప్రతి రాయినీ గట్టు మీదికే చేర్చేది. వాన నీళ్లు రాళ్ల సందుల్లోంచి మెల్లగా దిగిపోయేవి, మన్ను నిలిచిపోయేది. ఆమె పోయేదాకా ఆ చేను చెక్కుచెదరలేదు.

పోయిన ఎండాకాలం మా ఆయనకు ట్రాక్టరు మోజు పట్టింది. గట్టు గట్టుకూ తిప్పుకోవడం కష్టమట.

"అంతా ఒకటే చేను చేస్తే గంటలో దున్నేసి పోతాడు," అన్నాడు.

"గట్టు తీస్తే మన్ను నిలుస్తాదా?"

"యాడికి పోతాది? దానికేమన్నా కాళ్లుండాయా? మగ్గం గుంత కాడ పుట్టినదానికి సేద్యం ఏం తెలుసు! సుమ్మా నోరు మూసుకోని ఉండు."

గట్లు తీయడానికి జేసీబీ వచ్చిన రోజు పొయ్యి మీద వంట దించేసి, పోయి గట్టు మీద కూర్చున్నాను. జేసీబీ నడిపే అతను నవ్వుతూ, "లెయ్యక్కా, ఎండదెబ్బ తగలతాది," అన్నాడు. ఎంతసేపని కూర్చుంటాను? మధ్యాహ్నానికి మా అత్త చేతి రాళ్లన్నీ చేను మూల కుప్పపడ్డాయి. తర్వాత ట్రాక్టరు పైనుంచి కిందికి నిలువునా దున్నింది. వాలు వెంట చాలు తీస్తే నీళ్లకు దారి చూపించినట్టే కదా అని మొత్తుకున్నాను. విన్నది ఎవరు?

ఆడి నెలలో, ఆషాఢం వానలకు, వేరుశనగ విత్తాం. నాలుగో రోజు ఒక్కటంటే ఒక్క వాన. తెల్లారి చూస్తే ప్రతి చాలూ ఒక కాలువ. ఎగువంతా గరుసు, బండ తేలి ఉన్నాయి. దిగువ చేను గట్టుకు ఆనుకుని మోకాలి లోతున మా ఎర్రమన్ను.

వారం తిరక్కుండా ఆ దిగువ చేను ఆమె, నాకు వరసకు వదిన, మా వాకిట్లోకి వచ్చింది.

"ఏమప్పా, మీ సెనిక్కాయలు మా గట్టు కాడ బలే మొలిసినాయి. కలుపు తీసే దానికి ఎప్పుడొస్తారు?" అని మా ఆయన్ను అడిగింది.

ఆయనకన్నా ముందు నాకే సిగ్గేసి, "ఆ మన్ను ఎత్తుకుంటాం వదినా," అన్నాను.

"మీదని పేరేమన్నా రాసుండాదా?" అని కాసేపు ఏడిపించి, "ఎత్తుకోండి, నాకేం. కానీ ముందు గట్లు కట్టండి. లేకుంటే మళ్లీ నా నెత్తినే పడతాది," అంది.

అప్పటినుంచీ కడుతూనే ఉన్నాం. జేసీబీ ఒక్క పూటలో తీసేసిన మూడు గట్లలో ఇప్పటికి ఒకటి లేచింది. గంపలకొద్దీ మోసినా సగం మన్ను కూడా తిరిగి రాలేదు. మెత్తనిదంతా ముందే వాగు పట్టి పాలారు ఏటికి పోయింది. నిన్న మా ఆయన నడుము పట్టుకుని, "దీనికీ జేసీబీని పిలిస్తే..." అన్నాడు. నేను చేతిలో రాయి దించకుండా ఆయన వైపే చూశాను.

"సరే, సరే. ఆ రాయి ఇట్లా ఇయ్యి," అన్నాడు.

ఓపిగ్గా విన్నారు. మీ చేలో మన్ను మీ చేలోనే నిలవాలి. మీ ఇంట్లో ఆడదాని మాట వాన రాకముందే చెవికెక్కాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.