ఇరవై కాగితాల నక్ష

మంగళవారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయిందే" అన్నాడు. వాళ్ళమ్మ నాకు చిన్నమ్మ. కోరుట్ల బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపేది. నేను ఏడవాల్సింది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట మాత్రం వేరే.

"గా పటేలు ఊర్లనే ఉన్నడా?"

"ఉన్నడు."

"మంచిది. ఏడికి పోకుంటె సాలు."

ఏడుపు జగిత్యాలలో బస్సెక్కాక వచ్చింది.

చదివేవాళ్ళకు నేను గుండె లేని మనిషిలా కనిపించవచ్చు. అందుకే గేటు సంగతి చెప్తాను.

మా వాళ్ళకు ఊళ్ళో గుంటెడు భూమి లేదు. ఉన్నదల్లా రుద్రంగి పోయే దారిలో బొందలగడ్డ, మా తాతముత్తాతలను పూడ్చిన చోటు. దాని పక్కనే పటేలు మామిడితోట. ఏటేటా తోట కంచె కొంచెం కొంచెం ఇటు జరిగింది. ఒక ఏడాది రెండు సిమెంటు స్తంభాలు లేచాయి, వాటికో ఇనుప గేటు వచ్చింది. చిన్నాయన పోయిన రోజు శవపెట్టె మోసుకొని వెళ్తే ఆ గేటుకు తాళం. పటేలు లోపల నిలబడి "మీ బొందలగడ్డ నక్షల ఏడుంది? సూపియ్యుండ్రి, తీస్త" అన్నాడు. ఎండలో పెట్టె దించి గంటన్నర బతిమాలాం. చివరికి చిన్నాయనను బోయినపల్లి దగ్గర, చిన్నమ్మ పుట్టినూళ్ళో పూడ్చాం. తిరిగొస్తుంటే ఆటోలో చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేనైతే గాడ్నే పండుకుంట. గా గేటు కాడ్నే" అంది.

తహసీల్దారు ఆఫీసులో నక్ష, అంటే ఊరి భూముల పటం, అడిగితే ఊరంతా ఒక్క ఏ-ఫోర్ కాగితం మీదికి కుదించి ఇచ్చారు. బొందలగడ్డ ఉండాల్సిన చోట పెన్ను చుక్కంత మరక. దాన్ని చూసి పటేలు పకపకా నవ్వాడు.

చిన్నమ్మ అదే నక్షను ఇంటర్నెట్ నుంచి దించుకుంది. కరీంనగర్ పోయి పెద్ద మిషన్ మీద ఒకే షీటు తీయిద్దామన్నాను. "నా మొగని కోసం వేరేటోని మిషనెందుకే? నా మిషనే తీస్తది" అంది. నక్షను కుదించకుండా, అసలు సైజులోనే ముక్కలు చేసి ఇరవై కాగితాల మీద తీసింది. కాగితం పెట్టేముందు కట్టను చెంపకు ఆనించి తేమ చూడడం ఆమె అలవాటు. ఆ రోజు రెండుసార్లు చూసింది. మైదా ఉడికించి, షాపు నేల మీద ఇద్దరం అతికించాం. నేను కాగితాలకు నాలుగు వైపులా తెల్ల అంచులు కోస్తుంటే చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఒక్క దిక్కే కొయ్యి బిడ్డా. ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలె. అన్ని దిక్కుల కోస్తె ఊరి నడుమ సందు పడ్తది. గసొంటి సందులనే గదా వాడు దూరింది."

ఆఫీసుకు తీసుకెళ్తే మొదటిసారి పటేలు ఒప్పుకోలేదు. మా ఖర్మ, బొందలగడ్డ సరిగ్గా రెండు కాగితాలు కలిసే అతుకు మీద పడింది. "అతుకు కాడ మీరే గీసిండ్రు" అన్నాడు. ఆఫీసరూ తల ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నమ్మ మాత్రం నక్ష చుట్టుకొని వచ్చి, ఆ సాయంత్రమే కాగితాలు అడ్డంగా తిప్పి మళ్ళీ ఇరవై తీసింది. ఈసారి అతుకులన్నీ పక్కకు జరిగాయి. బొందలగడ్డ ఒకే కాగితం నడుమ, నాలుగు హద్దులతో, సర్వే నంబరుతో సహా వచ్చింది.

మర్నాడు ఆఫీసు వరండాలో దాన్ని నేల మీద పరిచింది. బల్ల మీద పెట్టమంటే "బల్ల సాలది సారూ" అంది. రెండు బల్లలు కలిపితే సరిపోయేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"పటేలా, అక్షరాలు సన్నగున్నయి. జర వంగి సదువుండ్రి."

మా వాళ్ళంతా చూస్తుండగా ఆయన మోకాళ్ళ మీదికి దిగి, కళ్ళద్దాలు సర్దుకొని, నంబరు చదివాడు. "ఇనవడ్తలేదు, గట్టిగ" అంది చిన్నమ్మ. మళ్ళీ చదివాడు. అంత తీయని మాట నా చెవులు ఇప్పటిదాకా వినలేదు. ఆమెకు నేను రుణపడింది ఆ ఒక్క నిమిషానికే.

గేటు ఊడదీశారు. ఒక స్తంభం పడగొట్టారు. రెండోదాని మీద గడ్డపార వేయబోతే చిన్నమ్మ ఆపింది. "గది ఉండనియ్యుండ్రి. నాకు పనికొస్తది."

ఆమె దేన్నీ మరచిపోయే మనిషి కాదు. తర్వాత పటేలు కొడుకు పాసుబుక్కు కాపీకి వస్తే శుభ్రంగా తీసిచ్చింది, కాకపోతే అందరికంటే చివర.

బుధవారం ఆమెను ఆ స్తంభం మొదట్లోనే పూడ్చాం. పాస్టరు గారు క్షమించడం గురించి చెప్పారు. మంచి మాటలే. నేను ఆమెన్ అనలేదు. పక్కన తమ్ముడూ అనలేదు. స్తంభానికి దారి వైపున ఆమె పేరు రాయించాం, వంగకుండానే చదవగలిగేంత పెద్ద అక్షరాలతో.

తోటకు వేరే దారి లేదు. మేము ఇంకా అక్కడ ఉండగానే పటేలు స్కూటీ వచ్చింది, మెల్లగా అయింది, ఆగింది. స్తంభం మీది అక్షరాల వెంట ఆయన పెదవులు కదిలాయి. గేటు తగిలించిన ఇనుప కొక్కెం ఆ స్తంభానికి ఇంకా అలాగే ఉంది. దానికి మేము వేసిన చామంతి దండ ఊగుతోంది.