వీరవేణి గారి మొదటి రివాల్వర్

కోనసీమ వేరే జిల్లా అయిన మరుసటి ఏడాది వేసవి. కాకినాడలో ఉండే ఆయుధ లైసెన్సుల ఫైళ్లు అమలాపురం కలెక్టరేటుకు వచ్చాయి గాని, ఏది ఏ బీరువాలో ఉందో గుమస్తాలకే తెలియని రోజులవి. గడియారస్తంభం దగ్గరి సందులో మా నాన్న పెట్టిన తుపాకుల కొట్టును అప్పటికి పాతికేళ్లుగా నేనే నడుపుతున్నాను. మా వ్యాపారమంటే జనం ఏదేదో ఊహించుకుంటారు. నిజానికి సగం రోజులు తోటల్లో కోతుల్ని బెదరగొట్టే ఎయిర్ గన్లు అమ్ముతాం. మిగతా సగం పాత తుపాకులకు నూనె పెట్టి, స్ప్రింగులు మార్చి ఇస్తాం. బయటికి కనబడకుండా ఒంటిమీద పెట్టుకునే చిన్న ఆయుధం, అంటే రివాల్వరో పిస్టలో, కొనేవాళ్లు ఎప్పుడో గాని రారు. ఆడవాళ్లయితే అంతవరకు ఒక్కరూ రాలేదు.

మొదట వచ్చినావిడ వీరవేణి గారు. అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం. భర్త పోయాక కొట్టు తనే చూసుకుంటున్నారు. నలభై ఐదేళ్లుంటాయి. కౌంటరు మీద లైసెన్సు పుస్తకం పెట్టి కూర్చున్నారు.

"చిన్నది కావాలండి. చీరలో కనబడకూడదు."

"ఎందుకో తెలుసుకోవచ్చాండి?"

"లైసెన్సు ఇచ్చిన వాళ్లు అడిగేరు కదండి. మళ్లీ మీక్కూడా చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అయినా కాసేపటికి ఆవిడే చెప్పారు. రెండేళ్ల కిందట సాయంకాలం కాలవగట్టు మీద స్కూటీ మీద వస్తుంటే, ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి అడ్డం వచ్చి సంచి లాక్కున్నాడు. ఆవిడ పడిపోయారు. మెడ కింద ఎముక విరిగింది. దొంగ దొరకలేదు.

"ఏమన్నా మాట్లాడేడాండి వాడు?"

"'సంచి ఇచ్చేయండమ్మగారూ' అన్నాడండి."

"దొంగ అండీ అన్నాడా?"

"ఆయ్. అక్కడే ఉంది అన్నయ్యగారూ నా తలనొప్పంతా. అమ్మగారూ అన్నాడంటే నన్నెరిగినవాడే కదండి. కానీ మన వైపు ఎవరు అనరండి, అండీ అని?"

నేను నవ్వబోయి మానుకున్నాను. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

ఆ రోజు ఏమీ తేలలేదు. చిన్న ఆయుధం కొనేవాళ్లకు నేను ముందు చెప్పే మాట, ఎంత చిన్నది అన్నది తరవాత, ఎక్కడ పెట్టుకుంటారన్నది ముందు అని. ఆవిడ సంచిలో అన్నారు. దొంగ లాక్కునేదే సంచి కదా, ఆయుధం కూడా వాడి చేతికే పోతుందన్నాను. అయితే నడుముకి అన్నారు. చీరకుచ్చిళ్ల పక్కన లోపావడా బొందు అంత బరువు ఆపదు. విడిగా తోలు బెల్టు, దానికో ఒర కావాలి. పైగా పమిట తప్పించి తియ్యాలి. "ఈలోగా వాడు ఆగుతాడాండి?" అని ఆవిడే అడిగారు. అమ్మేవాణ్ణి అయ్యుండి కొనొద్దని చెబుతున్నానా అని నాకే అనుమానం వచ్చింది.

రెండోసారి వచ్చినప్పుడు రెండు రివాల్వర్లు చూపించాను. తూటాలు పెట్టే గూళ్లు ఖాళీగా ఉన్నాయని ఆవిడ కళ్లముందే తెరిచి చూపించి చేతికిచ్చాను. ఒకటి కొంచెం పెద్దది, ఒక పెద్దమనిషి వయసు మీదపడి మా ద్వారా అమ్మకానికి పెట్టినది. దాని ట్రిగ్గర్, అంటే వేలితో నొక్కే మీట, మెత్తగా కదులుతుంది. రెండోది కొత్తది, పొట్టిది. నడుముకి పెడితే తెలియదు గాని ట్రిగ్గర్ మహా బిగువు. ఆవిడ రెండు చేతులతో పట్టి నొక్కినా సగంలో ఆగిపోయింది.

"పెద్దదే తీసుకోండమ్మా. అవసరమొచ్చిన రోజున వేలు మొరాయించకూడదు," అన్నాను.

ఆవిడ అటూ ఇటూ మార్చి చూశారు. అద్దం ముందు నిలబడ్డారు. మళ్లీ వస్తానని వెళ్లిపోయారు.

మూడోసారి వచ్చేసరికి లైసెన్సులో ఆయుధం కొనడానికి ఇచ్చిన గడువు నాలుగు రోజుల్లో అయిపోతోంది. ఆ రోజు అసలు సంగతి చెప్పారు.

"మా కొట్లో శ్రీను అని కాయలొలిచే మనిషున్నాడండి. పదేళ్ల నుంచి చేస్తున్నాడు. నాకతని మీదే అనుమానం."

"పోలీసులకి చెప్పేరా?"

"ఏమని చెప్పనండి? ఆ దొంగ ఒంటిమీద కొబ్బరిపీచు వాసనొచ్చింది. శ్రీను దగ్గరా అదే వాసన. నా దగ్గరా అదే వాసనే కదండి. ఒక రోజు అతనే అనిపిస్తుంది. మర్నాడు నాకు జ్వరమొస్తే అతనే ఆటో పిలుచుకొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తాడు. అప్పుడు నా మీద నాకే అసహ్యమేస్తుంది. సాయంకాలం అతను వెనకాల నడుస్తుంటే మళ్లీ ఒళ్లు జలదరిస్తుంది."

అప్పుడే ఆగవలసింది. ఎవరి గురించి భయమో తెలియనప్పుడు ఆయుధం తీసుకోవద్దమ్మా అని చెప్పవలసింది. చెప్పలేదు. పోలీసులు విచారించారు, కలెక్టరేటులో సంతకమైంది, తుపాకి వాడే శిక్షణ పూర్తిచేసిన కాగితమూ ఆవిడ దగ్గరుంది. మధ్యలో నేనెవర్ని అనుకున్నాను. ఆవిడ పొట్టిదే కావాలన్నారు. నాకు నచ్చలేదు. పెద్దది తీసుకోమని మరోసారి చెప్పాను.

"పెద్దది నలుగురికీ తెలిసిపోతుందండి. ఎవరికీ తెలియకుండా ఉండటమే నాకు కావాలి."

రిజిస్టరులో రాసి, పొట్టిదే ఇచ్చాను.

మూడు వారాల తరవాత ఆవిడ మళ్లీ వచ్చారు. తువ్వాలులో చుట్టిన రివాల్వర్ కౌంటరు మీద పెట్టారు. మొహం పాలిపోయి ఉంది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకున్నారు గాని తాగలేదు.

"తూటాలు తీసేసేను. మీరోసారి చూడండి అన్నయ్యగారూ."

చూశాను. ఖాళీగానే ఉంది.

ముందు రోజు కొట్టు కట్టేసి స్కూటీ దగ్గరికి నడుస్తుంటే, చీకటి పడకముందే, వెనకనుంచి పరిగెత్తుకొచ్చిన చప్పుడు. "అమ్మగారండీ, ఆగండి" అని గొంతు. ఆవిడ తిరిగేసరికి ఆయుధం చేతిలో ఉంది. ఎప్పుడు తీశారో ఆవిడకే తెలియదు. ఎదురుగా శ్రీను. చెయ్యి ముందుకు చాచి ఉంది.

"నొక్కేనండి," అన్నారు వీరవేణి గారు. "మీకు అబద్ధం చెప్పను. బెదిరించడానికి కాదు. నొక్కేను. సగంలో ఆగిపోయింది. మళ్లీ నొక్కబోతే అతని చేతిలో ఏముందో కనబడింది. నా ఫోనండి. కాయల రాశి మీద మర్చిపోయొచ్చేనట."

నేను రెండుసార్లు సిఫార్సు చేసిన ఆ మెత్తని ట్రిగ్గర్ రివాల్వర్ నా వెనక అద్దాల బీరువాలోనే ఉంది. ఆవిడ నా మాట విని ఉంటే శ్రీను ఇవాళ ఉండేవాడు కాదు. పాతికేళ్ల అనుభవంతో ఇచ్చిన సలహా అది. ఈ ఆయుధానికి ఏది లోపమని నేను చెప్పానో, ఒక మనిషి ప్రాణం దాని వల్ల నిలిచింది. ఇంతకాలం నాకు తెలుసనుకున్న పని నాకు తెలుసా అన్నది ఆ పూట అర్థం కాలేదు.

"అతనేం చేసేడండి?"

"ఫోను నేలమీద పెట్టి వెళ్లిపోయేడు. ఇవాళ పన్లోకి రాలేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలండి?"

అతను కేసు పెడితే తప్పు ఆవిడదే అవుతుందని చెప్పాను. అతనింటికి వెళ్లమన్నాను. వెళ్లి ఏం చెప్పాలో మాత్రం నాకూ తెలియలేదు. ఆయుధం మా దగ్గర డిపాజిట్ చేసుకున్నాను. లైసెన్సున్నవాళ్లు ఇంట్లో ఉంచుకోలేనప్పుడు మాలాంటి కొట్టులో అప్పగించి రశీదు తీసుకోవచ్చు.

వారం తరవాత అక్కడికి వెళ్లొచ్చిన కబురూ ఆవిడే చెప్పారు. శ్రీను ఇల్లు బండారులంకలో. అతని భార్య మగ్గం మీద నేస్తోంది. ఆమె లేచి కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది. ఆమెకు జరిగిందేమీ తెలియదని వీరవేణి గారికి అప్పుడర్థమైంది. భార్య లోపలికి వెళ్లాక శ్రీను మెల్లిగా అడిగాడట.

"ఆ రోజు సంచి లాగింది నేనే అనుకున్నారాండి?"

"'తెలీదు శ్రీనూ' అన్నానండి. అబద్ధం ఆడలేకపోయేను," అన్నారు వీరవేణి గారు.

"అతనేమన్నాడు?"

"'మీకు తెలీదన్నారు కాబట్టి నేను కాదని చెప్పినా మీరు నమ్మలేరండి' అన్నాడు. అంతేనండి. తరవాత వీధి చివరిదాకా వచ్చి సాగనంపేడు."

శ్రీను మళ్లీ ఆవిడ కొట్లో పనికి రాలేదు. వేరే చోట కాయలొలుస్తున్నాడని విన్నాను. దొంగ ఎవరో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆవిడ వెలుగుండగానే కొట్టు కట్టేసి, పక్క కొట్టు వాళ్లతో కలిసి ఇంటికి వెళ్తున్నారు. ఆయుధం మా దగ్గరే ఉంది. అమ్మేయమంటారా అంటే, ఇంకా తేల్చుకోలేదంటారు.

మొదటిసారి రివాల్వర్ కొనడానికొచ్చే వాళ్లకు ఏం చూడాలో నేనింకా చెబుతూనే ఉన్నాను: బరువు, పిడి, ట్రిగ్గర్, ఒర. కాని అవి చెప్పేముందు ఒక మాట అడుగుతున్నాను, ఎవరికి భయపడుతున్నారని. పేరు చెప్పగలిగిన వాళ్లను ముందు పోలీసు స్టేషనుకు పంపిస్తాను. తెలియదు, ఎవరైనా కావచ్చు అన్నవాళ్లను ఆ రోజుకి ఇంటికి వెళ్లమంటాను. అలా తిరిగి వెళ్లిన వాళ్లలో కొందరు మరో ఊళ్లో కొనుక్కున్నారు. నేను చేస్తున్నది సరైనదో కాదో వాళ్లలో ఎవరూ వచ్చి చెప్పలేదు.