ఎనిమిదో దెబ్బ

మొన్న మధ్యాహ్నం మా జూనియర్ కాలేజీ స్టాఫ్ రూములో చరిత్ర పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. బయట వరండాలో ఎలక్ట్రీషియన్ వార్షికోత్సవం కోసం పాత ఆంప్లిఫయర్ విప్పి సోల్డరింగ్ పెడుతున్నాడు. ఆ ఘాటు వాసన కిటికీలోంచి లోపలికి రాగానే నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. నాకది వీర్రాజు గారి వాసన. ఆయన పోయి రెండేళ్ళయినా, ఆ వాసన తగిలితే చాలు, వెనక నుంచి "ఏవండీ అమ్మడూ" అని పిలిచినట్టే ఉంటుంది.

అమలాపురంలో ఆయనది మైకు సెట్ల షాపు. అంతకుముందు చాలా ఏళ్ళు మస్కట్‌లో ఒక హోటల్లో సౌండ్ పని చేసి వచ్చారు. ప్రోగ్రెసివ్ మెటల్ అనే విదేశీ రాక్ సంగీతం పిచ్చి అక్కడ తోటి పనివాడు అంటించాడట. తెల్ల పంచె, నుదుట కుంకుమబొట్టు, నెలకోసారి ఐనవిల్లి వినాయకుడి దర్శనం. చెవుల్లో మాత్రం పది పన్నెండు నిమిషాలు సాగే గిటార్ల ఉరుములు. డిగ్రీ అయ్యాక పీజీ సీటు కోసం ఎదురుచూస్తూ నేను ఆయన దగ్గర పనికి చేరాను. పెళ్ళిళ్ళకి కావలసిన పాటలు పెన్‌డ్రైవుల్లో ఎక్కించడం నా పని. ఆ పిచ్చి నాకూ అంటుకోవడానికి నెల పట్టలేదు. మా అమ్మ మాత్రం చాలాకాలం అవి పాడైన స్పీకర్లని పరీక్షించే చప్పుళ్ళనే అనుకుంది.

మూఢాలొస్తే పెళ్ళిళ్ళుండవు కాబట్టి మైకు సెట్లకీ పనుండదు. ఆ రోజుల్లో మధ్యాహ్నాలు వీర్రాజు గారు పెళ్ళి స్పీకరు బాక్సులన్నీ షాపు వెనక షెడ్డులో నిలబెట్టి మెటల్ పెట్టేవారు. చుట్టుపక్కల ఆ జబ్బున్న వాళ్ళం ఏడెనిమిది మందిమి చేరేవాళ్ళం. ప్లీడరు గుమాస్తా ఒకాయన, ఇద్దరు ఆటో డ్రైవర్లు, రాజోలు దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే సతీష్. పాట నడుస్తున్నంతసేపూ నోరెత్తకూడదు, అయ్యాక ఎంతైనా కొట్లాడుకోవచ్చు. అదొక్కటే ఆయన పెట్టిన షరతు.

అలాంటి ఒక మూఢంలోనే మేమంతా ప్రాణం పెట్టుకున్న బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చింది. తొమ్మిది పాటలు, అన్నీ కలిపి ఒకే కథ. రేవు దాటించే ఒక పడవవాడు, ఆ ఏటి మీద కట్టబోయే వంతెన. గోదావరి పాయల మధ్య పుట్టిన మాకు అంతకంటే దగ్గరి కథ ఏముంటుంది? కానీ మా షెడ్డులో అది అతకలేదు. రెండో పాటలో పడవవాడు వంతెన మీద నడిచి వెళ్ళిపోతాడు, ఏడో పాటలో ఆ వంతెనకి పునాది తీస్తారు. పైగా దాదాపు పాటలన్నిటిలోనూ డ్రమ్ము ఏడు దెబ్బలు కొట్టి కుంటుతున్నట్టు ఆగుతుంది. అభిమానుల గ్రూపులో నేను పెద్ద రివ్యూ రాసి పడేశాను. ఈ బ్యాండుకి పొగరు పెరిగిందనీ, పాటలు సాగదీస్తోందనీ, కథ చెప్పడం చేతకాక గందరగోళాన్ని గొప్పతనంగా అమ్ముతోందనీ ఉతికి ఆరేశాను. ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకున్నారు. నా రాతకి దక్కిన మొదటి పేరు అది. రెండు రోజులు కాళ్ళు నేల మీద లేవు.

సతీష్ ఒక్కడే ఒప్పుకోలేదు. "నాకైతే ఆఖర్న ఏడుపొచ్చేసిందండీ. మీరు ఇంకోసారి వినండి," అన్నాడు షెడ్డులో, అందరి ముందూ.

"చెరువు గట్టు మీద, నీళ్ళలో గాలి చిలికే ఏరేటర్ల మోతలో, ఫోన్లో విన్న పాటకి ఏడుపు రాక ఏమొస్తుంది సతీష్? నీకు వినబడింది రొయ్యల గోల," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు కానీ మర్నాటి నుంచి రావడం మానేశాడు. అతను కూర్చునే బాక్సు ఖాళీగా కనబడుతుంటే నాకు లోపల గుచ్చుకునేది. అయినా పైకి ఒప్పుకుంటే నా రివ్యూ పరువేం కావాలి?

వీర్రాజు గారి పద్ధతి వేరు. బాక్సు పలకకపోతే కుర్రాళ్ళు కంపెనీని తిడుతుంటే, ఆయన ముందు తను బిగించిన వైరు విప్పి చూసుకునేవారు. నాలుగో రోజు సతీష్‌కి ఫోన్ చేశారు. "మీకు మొట్టమొదట ఏ పాట వచ్చిందండీ?" అని అడిగారు. "ఆయ్... ఆయ్..." అంటూ చీటీ మీద తొమ్మిది పేర్లూ రాసుకుని, నా వైపు తిప్పారు. మా వరసకీ దానికీ పొంతన లేదు.

తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. పెళ్ళి హడావుడిలో తలంబ్రాల పాటో అప్పగింతల పాటో చటుక్కున దొరకాలని మా షాపులో పాట పేరు ముందున్న అంకె తీసేసి, మొదటి అక్షరాన్ని బట్టి వెతికేవాళ్ళం. అలవాటు చొప్పున నేను ఆ ఆల్బమ్‌కీ అంకెలు పీకేశాను. ప్లేయరు దాన్ని అక్షరమాల వరసలో పాడింది. ఆ బ్యాండు ఎంతో కష్టపడి పేర్చుకున్న కథని నేను తలకిందులు చేసి, కథ బాగోలేదని వాళ్ళనే తిట్టాను.

"రివ్యూ తీసేస్తానండీ బాబాయ్ గారూ, ఎవరికీ తెలీదు," అన్నాను.

"తీసేస్తే మీరు రాసింది పోద్దండి అమ్మడూ. ఆ అబ్బాయిని అన్న మాట పోద్దేటండి?" అన్నారు, కోపం లేకుండానే.

ఆ మధ్యాహ్నమే రెండు బాక్సులు వ్యానులోకెక్కించి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి రాజోలు వైపు తీసుకెళ్ళారు. చెరువు గట్టు మీద బాక్సులు దించుతుంటే సతీష్ నోరు తెరుచుకుని చూశాడు. తప్పు నాదేనని చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, నోరు పెగలడానికి అంతకంటే ఎక్కువ. అతను తల గోక్కుని, "పర్లేదండి. ఏరేటర్లు మాత్రం ఆపలేనండోయ్, రొయ్యలు చచ్చిపోతాయి," అన్నాడు. ఆ మోతలోనే మొదటి పాట నుంచీ విన్నాం.

వీర్రాజు గారు స్క్రూడ్రైవర్ పిడితో బాక్సు మీద దెబ్బలు లెక్కపెడుతున్నారు. ఎనిమిది పాటల దాకా ఏడేసి దెబ్బలు, తెడ్డు వేసి ఆగినట్టు. తొమ్మిదో పాటలో, వంతెన మీద పడవవాడు మొదటి అడుగు వెయ్యగానే, ఎనిమిదో దెబ్బ పడింది. కుంటు నడక నిండైన అడుగైంది. మా షెడ్డులో ఆ పాట రెండోదిగా మోగింది కాబట్టి ఆ దెబ్బ కోసం ఎదురుచూసినవాళ్ళే లేరు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే సతీష్ చూసి, ఏమీ ఎరగనట్టు రొయ్యలకి మేత చల్లడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "నాలుగో పాట మాత్రం సాగదీసేరండి. మీ రివ్యూలో ఆ ఒక్క ముక్కా ఉంచండి," అన్నాడు.

రివ్యూ మొత్తం అలాగే ఉంచాను. కిందనే జరిగింది రాశాను. నెలరోజులు గ్రూపులో నన్ను 'అక్షరమాల మేడమ్' అని ఏడిపించారు. సతీష్ మర్నాడే షెడ్డుకొచ్చి తన బాక్సు మీద కూర్చున్నాడు. ఆ నవ్వులాటలో నేనూ హాయిగా నవ్వగలిగానంటే అది వీర్రాజు గారి చలవే.

మొన్న సోల్డరింగ్ వాసనకి ఆగిన నా పెన్ను కింద ఉన్నది ఒక అమ్మాయి జవాబు. మొగలు సామ్రాజ్యం కూలిపోవడంతో మొదలుపెట్టి, ఢిల్లీకి బాబరు రావడంతో ముగించింది. 'అర్థం లేదు' అని రాసి సున్నా చుట్టబోతున్నాను. పెన్ను పక్కన పెట్టి, అడిషనల్ షీట్లు కట్టిన దారం విప్పాను. కాగితాలు ముందువి వెనకా, వెనకవి ముందూ కట్టి ఉన్నాయి. సర్ది, మొదటి నుంచీ చదివాను. చక్కగా రాసింది. ఎనిమిదికి ఎనిమిదీ వేశాను.