ఓబెరాన్ కొండమీద భ్రమరాంబ బాయిలర్

భ్రమరాంబ ఆ ఇల్లు కొన్నది ఇంటిని చూసి కాదు, ఇంటి వెనకాల కంచె పక్కన తుప్పుపట్టి నిలబడ్డ ఇనప డబ్బాను చూసి. డబ్బా అంటే బీరువా అంత ఉంటుంది. పైన పొగగొట్టం, కింద బరువైన తలుపు, పక్కన నేలలోకి దిగిపోయిన రెండు గొట్టాలు. ఇల్లు చూపించడానికి వచ్చిన ఏజెంటు అది పాత చెత్త, తీయించేస్తానన్నాడు. ఆవిడ వింటేగా! తలుపు గుంజి, తల లోపలికి పెట్టి చూసింది. మధ్యలో పొయ్యి, చుట్టూ నీళ్ళుండే జంట గోడ.

"ఏవండీ, ఇటు రండి! ఇది మా ఇంట్లో నీళ్ళ బాయిలరే!" అని సిడ్నీకి దూరంగా కొండమీదున్న ఆ ఓబెరాన్ ఊరంతా వినపడేట్టు కేకేసింది.

మాచర్లలో వాళ్ళ పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. నడిమి గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్ళు. పైన చెంబుడు చన్నీళ్ళు పోస్తేగాని కింద చెంబుడు వేణ్ణీళ్ళు రావు. ఇక్కడా అదే కథ. కాకపోతే కాగిన నీళ్ళు స్నానాలగదికి కాకుండా నేల కింది గొట్టాల్లోంచి ఇంట్లోకి వెళ్ళి, గోడలకు బిగించిన ఇనప రేడియేటర్లను వేడెక్కించి, చల్లారి మళ్ళీ పొయ్యి దగ్గరికే వస్తాయి. వాటిని తిప్పడానికి ఒక చిన్న పంపు. అంతే.

భ్రమరాంబ ఇరవయ్యేళ్ళకు పైగా సిడ్నీ శివార్లలో, బ్లాక్‌టౌన్‌లో బస్సు తోలింది. మనవాళ్ళెక్కువగా ఉండే ద పాండ్స్‌లో ఎవరింట్లో వ్రతం జరిగినా "ఏంటండీ, మీరు బస్సు తోలుతారటగా!" అని మూతి మూడు వంకర్లు తిప్పేవాళ్ళుండేవారు. "అవునండీ, ఎప్పుడైనా ఎక్కండి, కార్డు ట్యాప్ చెయ్యడం మాత్రం మర్చిపోకండి" అనేది నవ్వుతూ. ఇంజను దగ్గితే చాలు, దాని రోగమేమిటో మెకానిక్కు కంటే ముందు చెప్పేది. రిటైరయ్యాక ఇంత నేల, ఇన్ని చెట్లు, పొగ వాసన కావాలని పట్టుబట్టి, భర్త రామ్మోహన్‌ను సిడ్నీ నుంచి ఈ కొండమీదికి లాక్కొచ్చింది.

పాపం రామ్మోహన్! ఆయనది రెంటచింతల. ఎండల్లో కాలి కాలి పెరిగిన మనిషి. బాయిలరు ఇంకా బాగుచెయ్యని మొదటి చలికాలానికే హడలిపోయాడు. మంకీ క్యాపు, రెండు స్వెటర్లు, పైన శాలువా, కాళ్ళ దగ్గర కరెంటు హీటరు. అయినా వేళ్ళు కొంకర్లు పోయి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. రోజూ పొద్దున్నే భ్రమరాంబే పెట్టేది. పెడుతూ ఆ నీలంగా మారిన వేళ్ళు చూసి లోపల్లోపలే ఏడ్చేది.

అందుకే ఈ ఏడు ఆకులు రాలుతుండగా ఆయన "నీకోసం ఒక చలికాలం ఓర్చుకున్నానే. ఇంకొకటి నా వల్ల కాదు. మంచు పడేలోగా ఇల్లు వెచ్చబడకపోతే అమ్మేసి పాండ్స్‌కి పోదాం" అన్నప్పుడు ఎదురు చెప్పలేకపోయింది. సరేనంది. జూన్‌లో, అంటే ఇక్కడ చలికాలం మొదట్లో, ఒక శనివారం మధ్యాహ్నం రమ్మని ఆయన ఏజెంటుకు ఫోను కూడా చేసేశాడు. ఇల్లు పోతుందన్న భయం ఒక పక్కన, ఆ ఇనప డబ్బా చేత పని చేయించి తీరాలన్న పంతం ఇంకో పక్కన. చీర కొంగు దోపినట్టు పాత బస్సు యూనిఫారం చేతులు పైకి మడిచి రంగంలోకి దిగింది.

మసి గోకింది. బూడిద ఎత్తింది. పొగగొట్టంలో పిట్టగూడు తీసింది. ఇత్తడి కుళాయిలు పచ్చగా చిలుమెక్కి ఉంటే చింతపండు పెట్టి తోమింది. అవి తళతళలాడేసరికి రామ్మోహన్ శాలువాలోంచి ముక్కు బయటపెట్టి, "పప్పుచారులోకి కాస్త మిగిల్చావా?" అని అడిగాడు.

నీళ్ళు నింపితే అడుగున ఒకచోట కారింది. అప్పుడు సంజయ్‌ను పిలిచింది. వరంగల్ కుర్రాడు. అకౌంటింగ్ చదవడానికి వచ్చి, చదువు కంటే వెల్డింగే నచ్చి, అందులోనే స్థిరపడి ఇల్లూ వాకిలీ ఏర్పరచుకున్నాడు. వంగి చూసి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి విన్నాడు.

"స్క్రాప్ అని ఎవరన్నరు ఆంటీ? ఇనుము మంచిగున్నది. గీ ఒక్క జాగలనే తిన్నది. ప్యాచ్ ఏస్త, పంపు కొత్తది పెడ్త. కానీ ఒక్కటి యాదిపెట్టుకోండ్రి. అగ్గి ముట్టియ్యకముందే పంపు ఆన్ చెయ్యాలె."

"అంత మాత్రం తెలీదా నాయనా" అంది భ్రమరాంబ.

శనివారం పొద్దున లేచేసరికి పచ్చికంతా తెల్లగా మంచు. మంచు పడనే పడింది, ఏజెంటు వచ్చేదీ ఇవాళే. భ్రమరాంబ ఉత్సాహంగా పొయ్యి తలుపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఎండిన జామాయిల్ మొద్దులు పేర్చింది. ఇక్కడివాళ్ళు వాటిని గమ్ ట్రీలంటారు గాని భ్రమరాంబకు జామాయిలే. కర్పూరంతో అంటించగానే మంట ఒక్కసారి గుప్పుమంది. ఎంత మంట! ఆవిడ ముఖం ఎర్రబడింది, కళ్ళు మెరిశాయి. ఎగిరి గంతేయాలనిపించింది, వేసింది కూడా.

తర్వాత ఏం చేసింది? మాచర్ల పెరట్లో ఏం చేసేదో అదే చేసింది. తలుపు కొంచెం తీసిపెట్టి, మొద్దు మీద మొద్దు ఎగదోస్తూ, నీళ్ళు సలసల కాగేదాకా కూర్చుంది. అక్కడ కాగాకే కదా కుళాయి తిప్పేది! సంజయ్ మాట మనసులోనే లేదు. డబ్బాలోపల గుడగుడ మొదలైంది, పైనున్న గాలిగొట్టంలోంచి ఆవిరి బుస్సుమంటూ లేచింది, వెనకే వేడినీళ్ళు చిమ్మాయి.

"పేలిపోద్దే! పక్కకి రా!" రామ్మోహన్ శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా బకెట్టుడు చన్నీళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. ఆయనదీ రాగి బాయిలరు బుద్ధే.

"పొయ్యకండి!" భ్రమరాంబ బకెట్టు పట్టుకుని ఆపింది. "నీళ్ళు తగ్గినచోట ఇనుము కాలిపోయుంటది. చన్నీళ్ళు తగిల్తే పగుల్తది!"

అప్పుడు గుర్తొచ్చింది పంపు సంగతి. నాలుక్కరుచుకుని, ముందు తలుపు మూసింది, గాలి వెళ్ళే రేకు బిగించింది. మంట ఊపిరాడక ముడుచుకుంది. బుసలు తగ్గేదాకా ఇద్దరూ చేతులు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. తర్వాత ఆవిడ పంపు స్విచ్ వేసింది.

ఇంట్లో ఢమఢమమని చప్పుళ్ళు. గొట్టాల్లో ఎవరో సమ్మెటలతో కొడుతున్నట్టుంది. భ్రమరాంబ గది నుంచి గదికి పరుగెత్తింది. వంటింటి రేడియేటరు వెచ్చన! పడగ్గదిది వెచ్చన! హాల్లోది మాత్రం మంచుగడ్డ. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. రామ్మోహన్ కూర్చునేది అక్కడే. గాలి చిక్కుకుందేమో అనుకుని పక్కనున్న మరను కొంచెం వదులు చేసింది. తుస్సుమని గాలి, తర్వాత నల్లటి నీళ్ళు, ఆ తర్వాత వేడి. అరచేయి ఆనించి, "వచ్చావా తల్లీ!" అంది.

రామ్మోహన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎలా ఉందని అడగడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. వంటింట్లోకి పోయి వంకాయలు తరుగుతూ చెవులు ఇటే పెట్టింది.

"ఏమేవ్" అని పిలుపొచ్చింది చివరికి, విసుగ్గా. "ఆ కిటికీ కాస్త తెరువు. ఉక్కపోస్తంది."

భ్రమరాంబ చేతిలోని వంకాయ కత్తిపీట మీదే ఉండిపోయింది. రెంటచింతల మనిషి, ఓబెరాన్ జూన్ నెలలో, ఉక్కపోత అన్నాడు! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. వచ్చి చూస్తే మంకీ క్యాపు, స్వెటర్లు, చొక్కా అన్నీ కుర్చీ మీద కుప్పగా ఉన్నాయి. గుండీలు ఆయనే విప్పుకున్నాడు.

ఆయన మాత్రం కుర్చీలో లేడు. కిటికీ తెరిచి చూస్తే గేటు దగ్గర ఏజెంటు కారు ఆగి ఉంది. కోటు మెడదాకా బిగించుకుని వణుకుతున్న ఏజెంటు ముందు, లుంగీ మీద ఉత్త బనియనుతో, తెల్లటి మంచులో నిలబడి రామ్మోహన్ చేతులూపుతూ చెబుతున్నాడు.

"నో సేల్, మేట్. నో సేల్! కమ్ ఇన్‌సైడ్, టచ్ ద వాల్!"

"ముందు మీరు లోపలికి రండి, జలుబు చేస్తుంది!" అని కిటికీలోంచి కేకేసి, భ్రమరాంబ పొయ్యిలో ఇంకో మొద్దు వెయ్యడానికి పెరట్లోకి పరుగెత్తింది.