మా సంఘపెద్ద ఇంగ్లీషు ఇంటిపేరు

మంగళవారం పొద్దున పది గంటలకు పక్క యార్డు పఠాన్ పరిగెత్తుకొచ్చి, "మీ పెద్దాయన ఖలాస్" అని చెప్పాడు. కువైట్‌లోని అమ్ఘరాలో సిమెంటు, ఇనుము అమ్మే ఆ యార్డులో మా సంఘపెద్ద టైమ్‌కీపరు. హాజరు పుస్తకం ముందు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. నేను పాత ఇనుము కోసేవాణ్ణి. సగం కోసిన పైపును పూర్తిగా కోసి, కళ్లద్దాలు తీసి, అప్పుడు వెళ్లాను. ఎందుకు అంత నిదానంగా వెళ్లానో తెలియదు. పది రోజులైంది, ఏడుపు రాలేదు. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మా క్రైస్తవ సంఘం ఆ రోజే కూడేది; ఆ ప్రార్థనలో ప్రసంగిస్తే నిప్పులు కురిపిస్తాడని పేరున్నవాణ్ణి, ఈ నాలుగు మాటలు రాయడానికి మూడు రోజులు కూర్చున్నాను.

ఆయనది గోదావరి, నాది కడప జిల్లా. డెబ్బైల చివర్లో నేను కువైట్‌లో దిగేనాటికే అబూ హలీఫాలో ఆయన అద్దె గదిలో ప్రార్థన జరిగేది. ఎంత ఎండలోనైనా చొక్కా మెడగుండీ పెట్టుకునేవాడు. ఇంటిపేరు వాకర్. "వాకర్ అండి, మా తాతగారి నాటి నుంచీ" అని ఆయన చెప్పడం, మావాళ్లు "దొరగారొచ్చార్రోయ్, లేవండి" అని ఆటపట్టించడం మామూలే. ఆయన కోపం తెచ్చుకోగా నేనెప్పుడూ చూడలేదు.

నాకు బడి చదువు లేదు. కూడబలుక్కుని గ్రంథం చదివేవాణ్ణి. అందరూ వెళ్లిపోయాక, అందరూ వెళ్లిపోయాకే, ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టి నా తప్పులు దిద్దేవాడు. ఒకసారి అన్నాడు: "గట్టిగా చెబితే వినబడుద్ది బ్రదర్. మెల్లగా చెబితే వింటారు." మొదటిది నాకు వచ్చింది. రెండోది ఇంకా రాలేదు.

ఎనభైల మొదట్లో వాళ్ల యార్డుకు ఒక ఇంగ్లీషు సూపర్‌వైజరు వచ్చాడు. అతని ఇంటిపేరూ వాకరే. హాజరు పట్టీలో మా పెద్దాయన పేరు చూసి, "మనం చుట్టాలమా?" అని నవ్వాడట. పెద్దాయన తమ ఇంట్లో చెప్పుకునే కథ చెప్పాడు. తల్లిదండ్రులు కలరాలో పోతే తాతను మిషను బంగళాలో పెంచారు. బాప్తిస్మం ఇచ్చిన దొర తన ఇంటిపేరే రాశాడు. అది గొప్ప వంశమని ఇంట్లో అందరి నమ్మకం.

ఆ ఇంగ్లీషాయన పగలబడి నవ్వాడట. వంశం లేదు, పాడూ లేదు. పూర్వం వాళ్ల దేశంలో ఉన్ని బట్ట నేశాక తొట్టిలో వేసి, నీళ్లూ మన్నూ పోసి, కొందరు గంటల తరబడి కాళ్లతో తొక్కేవాళ్లు. జిడ్డు వదిలి బట్ట దట్టమయ్యేది. ఆ జిడ్డు వదలడానికి ఇంటింటి నుంచీ పాత మూత్రం కూడా పోగుచేసి పోసేవాళ్లట. అలా తొక్కేవాళ్లను ఉత్తరాదిలో వాకర్ అన్నారు. దక్షిణాన అదే పనివాళ్లు ఫుల్లర్లు, పడమట టక్కర్లు. తర్వాత ఏటి నీటితో తిరిగే చక్రాలకు సుత్తులు బిగించి ఆ పని చేయించారు. తొక్కేవాళ్ల పని పోయింది, పేరు మాత్రం పిల్లలకు మిగిలింది.

ఆ సాయంత్రం పెద్దాయన నా గదికి వచ్చాడు.

"బ్రదర్, మీకో మాట చెప్పాలండి. మా తాత చాకలాయన. ఇంట్లో ఎవరం పైకి చెప్పం. ఈ పేరు చాటున మూడు తరాలు దాక్కున్నామండి. తీరా చూస్తే దొరలదీ అదే పనంట!"

నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లు.

"శుక్రవారం సంఘంలో చెప్పేస్తానండి."

"ఇప్పుడెందుకు సార్? ఎవురడిగినారు మిమ్మల్ని?"

"అడగలేదు కాబట్టే కదండీ ఇన్నాళ్లు దాగింది."

చెప్పాడు. రాబోయే ప్రభువును చాకలివాని సబ్బుతో పోల్చిన ప్రవక్తను గుర్తుచేసి, "మా తాత పని గ్రంథంలోనే ఉందండి, సిగ్గెందుకు పడ్డామో" అన్నాడు. తర్వాత ఎప్పటిలాగే ప్రభువు బల్ల రొట్టె విరిచి పళ్లెం పట్టుకుని వచ్చాడు. పెద్దాయన జిల్లావాడే, భూములున్న ఇంటివాడు, ఒక డ్రైవర్ మా సంఘంలో ఉండేవాడు; సంఘంలో చిన్నవాడని నేను తమ్ముడు అనేవాణ్ణి. పళ్లెం తన ముందుకు రాగానే తలవంచుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అతని భార్యా అంతే. ఇంకో మూడు కుటుంబాలూ అంతే.

గదిలో అందరూ నావైపు చూశారు. సినిమాలనూ సిగరెట్లనూ దొంగసారానూ ఉతికి ఆరేసే నోరు నాది. తెరవలేదు. సంఘం చీలిపోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరుసటి శుక్రవారానికి ఆ నాలుగు కుటుంబాలూ మహబూలాలో వేరే ప్రార్థన పెట్టుకున్నాయి. చీలిపోయాక కూడా తెరవలేదు. ఆ రోజు నోవహు గురించి గంటసేపు గర్జించాను.

అయ్యాక పెద్దాయన చాపలు చుడుతూ, "జలప్రళయంలో కూడా నిప్పులు కురిపించారండి" అన్నాడు. అంతే.  నా తప్పు ఆయనకు తెలుసని నాకు తెలిసింది.

డ్రైవర్ తమ్ముణ్ణి ఒకసారి దారిలో ఆపి అడిగితే, "ఆయనంటే గౌరవమేనండి అన్నయ్యగారూ. ఊళ్లో తెలిస్తే మావాళ్లు ఊరుకోరండి" అన్నాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాలు మాత్రం ఆ నాలుగు కుటుంబాలవాళ్లూ పెద్దాయన చేతే రాయించుకునేవాళ్లు. ఆయన రాసిచ్చేవాడు. "సిరా అంటదు బ్రదర్, రొట్టే అంటుద్ది కాబోలు" అని నాతో నవ్వాడు. ఇన్నేళ్లలో ఆయన నోట ఎత్తిపొడుపు అదొక్కటే విన్నాను.

శవాన్ని ఊరికి పంపే రోజు ఆసుపత్రి మార్చురీలో ఒళ్లు తుడిచి బట్టలు తొడగడానికి గంట టైమిచ్చారు. నాకు బండి లేదు. వేరే దారిలేక డ్రైవర్ తమ్ముడికి ఫోన్ చేశాను. పికప్ తెచ్చాడు.

"బండి చాలు తమ్ముడూ. నువ్వు బయటుండు" అన్నాను. ఇన్నేళ్లకు నా నోరు తెరుచుకుంది, ఎవరికీ పనికిరాని చోట.

అతను బయట ఉండలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. నా చేతిలోని తడిగుడ్డ తీసుకుని పెద్దాయన కుడిచేతిని తన అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏదన్నా వాక్యం చెప్పండి అన్నయ్యగారూ."

వెతికాను. గ్రంథమంతా, మోషే నుంచి పత్మాసు దాకా, కంఠతా వచ్చినవాణ్ణి. ఒక్కటీ రాలేదు. అతను వేళ్ల సందులు తుడుస్తున్నాడు. తుడిచిన వేలినే మళ్లీ తుడుస్తున్నాడు. తలుపు అవతల నుంచి "యల్లా, యల్లా" అని కేకలేసి తొందరపెడుతున్నారు. అతను ఆ చేతిని వదల్లేదు.