అత్త నవ్వు కోసం చిన్న కెమెరా

ఆ రోజుల్లో మనిషి పనితనం అతని భుజాన వేలాడే సంచి బరువును బట్టి తెలిసిపోతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ వయసు. వేలూరులో, బాగాయం వెళ్ళే దారిలో ఒక స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తీసే ఉద్యోగం. స్టూడియో యజమానిని అందరం 'అన్నా' అని పిలిచేవాళ్ళం. పెళ్ళి లేని ఆదివారాల్లో ఆయన తన పెద్ద కెమెరాను, మూరెడు లెన్సును, మూడుకాళ్ళ స్టాండును నాకిచ్చి, "ఇంటికి ఎత్తుకోని పో, చెయ్యి కుదరల్ల" అనేవాడు. చెయ్యి కుదిరిందో లేదో గానీ ఎడమ భుజం మాత్రం ఒక అంగుళం కిందికి దిగింది. (ఇప్పటికీ కొలత తీసుకునేటప్పుడు దర్జీ "నిటారుగా నిలబడండి సార్" అంటాడు. నేను నిటారుగానే నిలబడి ఉంటాను.)

ఇంటికి పోయే గుడియాత్తం బస్సులో ఆ కెమెరాను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూచునేవాణ్ణి. ఒకసారి పక్క సీటులోని పెద్దామె చాలాసేపు చూసి, ఉండబట్టలేక, "బిడ్డ మొగం మీద గుడ్డ తియ్యప్పా, గాలాడల్ల గదా" అంది. నేను నోటితో నిజం చెప్పలేక తువ్వాలు కొంచెం పక్కకు జరిపాను. ఆమె తొంగిచూసి, దిగేదాకా మళ్ళీ నావైపు తిరగలేదు.

ఆ బరువంతా ఇంటిదాకా మోసింది ఒక్క ఫోటో కోసం, మా అత్త నవ్వు కోసం. అమ్మ పోయినప్పటినుంచి నన్ను పెంచింది నాయన చెల్లెలైన ఈ అత్తే. లుంగీలు నేసే మా వీధిలో, తిన్నె మీద రాట్నం పెట్టుకుని పొద్దంతా కండెలకు నూలు చుట్టేది. ఏదైనా తమాషాగా తోస్తే రాట్నం ఆపి, తల వెనక్కి వేసి, ఊడిన రెండు పళ్ళ సందూ కనబడేలా నవ్వేది. మగ్గాల చప్పుడును కూడా దాటుకుని ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపించేది. పరాయివాళ్ళ పెళ్ళిళ్ళలో వందల నవ్వులు పట్టినవాణ్ణి, సొంత అత్త నవ్వు ఒక్కటీ నా దగ్గర లేదు. రేషను కార్డు కోసం తీసిన బిగుసుకుపోయిన ఫోటో తప్ప ఆమెది ఇంట్లో మరొకటి లేదు.

నేను స్టాండు విప్పడం మొదలుపెట్టగానే, "ఉండు నాయనా, మంచి చీర కట్టుకోని వస్తా" అని లోపలికి పోయేది. ఆమె వచ్చేలోగా వీధి వీధంతా తలలు దువ్వుకుని వరసలో నిలబడేది. అందరి ఫోటోలూ అయ్యేసరికి, వచ్చినవాళ్ళకు కాఫీ పెట్టడానికి అత్త మళ్ళీ లోపల ఉండేది. ఎలాగో తెచ్చి కూచోబెడితే, లెన్సు తనవైపు తిరగ్గానే పెదాలు బిగించుకునేది. "నవ్వత్తా" అంటే, "యాడ నవ్వేది? ఫిరంగి మాదిరి ఎదురుగా పెట్టినావే" అనేది.

ఆ మాట గుచ్చుకుంది. జీతం చేతికి రాగానే వేలూరులో కెమెరాల దుకాణానికి వెళ్ళాను. పెద్ద పెద్ద కెమెరాలు అద్దాల వెనకనుంచి మేనమామల్లా నన్నే చూస్తున్నాయి. వాటినుంచి కళ్ళు తిప్పుకుని, చొక్కా జేబులో పట్టే వెండిరంగు చిన్నదాన్ని అడిగాను. మసక వెలుతురులో సరిగా పడదు, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగదు. కానీ రోజూ వెంట ఉంటుంది, చప్పుడు చెయ్యదు. మర్నాడు స్టూడియోలో అన్న దాన్ని అరచేతిలో తిప్పి చూసి, "ఇదేమప్పా, సోపు పెట్టె మాదిరి ఉండాది! దీన్ని ఎత్తుకోని పోతే పెండ్లోళ్ళు మనల్ని పందిట్లోకి రానిస్తారా?" అన్నాడు.

"ఇది పెండ్లికి కాదన్నా, మా ఇంటికి" అన్నాను.

తరువాతి ఆదివారం చేతులూపుకుంటూ మా వీధిలోకి వచ్చాను. నన్ను చూసి అత్త రాట్నం ఆపింది.

"యాడరా నాయనా నీ పెద్ద మిషను?"

"ఇంక అది తేనత్తా. ఇదే నా కెమెరా" అని జేబులోది తీసి చూపించాను.

అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది, గొంతు తగ్గించి, "వేల పోయిందా?" అంది. (మావైపు ఉద్యోగాన్ని అలాగే అంటారు. మా మాటల్లో తెలుగు ఎక్కడ ఆగి అరవం ఎక్కడ మొదలవుతుందో మాకే తెలియదు.)

"లేదత్తా..."

"నా దగ్గిర దాచద్దురా. ఏం పగలగొట్టినావు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను నోరు తెరిచేలోగా ఎదురింటి మామను కేకేసింది. ఆయన వచ్చి నా ఖాళీ భుజాన్ని జాలిగా చూసి, "దిగులుపడద్దు అల్లుడా, మా రెండో మగ్గం ఊరికే ఉండాది. రేపట్నించి వచ్చి కూచో" అన్నాడు. పక్కింటి అక్క, ఇంట్లో ఎవరో పోయినట్టు, పళ్ళెంలో ఇడ్లీలు పెట్టుకుని వచ్చింది. ఆ ఇడ్లీలు తింటూనే నా ఉద్యోగానికి ఢోకా లేదని చెప్పాను. ఎంత చెబితే వాళ్ళ నమ్మకం అంత తగ్గింది. చివరికి విసుగొచ్చి, "అత్తా, పెద్దదాన్ని చూస్తే నువ్వు నవ్వవని గదా ఇది కొనింది!" అని అరిచాను.

అత్త నా చేతిలోని కెమెరా వైపు చూసింది. "నేను నవ్వేదానికా?" అంది. "దానికా ఇంత పని చేసినావు, పిచ్చోడా!"

తల వెనక్కి వాలింది. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు. వీపుకు పొద్దుటి ఎండ తగులుతుంటే మెట్టు మీద నిలబడి, ఇడ్లీ అంటిన వేలితోనే నొక్కాను. అత్తకు తెలియనే లేదు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఫోను తీసి నొక్కితే చాలు, లెక్కలేనన్ని ఫోటోలు. ఆ నవ్వు మాత్రం మా గోడ మీద ఒక్కటే ఉంది. పెద్దది చేయించడం వల్ల కాస్త మసకేసింది. అన్న ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడి, "ఫోకస్ కొంచెం తప్పింది" అన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నాకు ఒక్కటే వెలితి. ఆ తరువాత కూడా అత్తవి ఎన్నో తీశాను గానీ, అత్త పక్కన నేనున్నది ఒక్కటీ లేదు. పక్కింటి అక్క చేతికిచ్చి "ఒకటి నొక్కక్కా" అనడానికి ఎంతసేపు? ఆ వయసులో తోచలేదు. ఈమధ్య దుమ్ము తుడుస్తూ దగ్గరగా చూస్తే, అత్త ఒళ్ళోని తెల్లనూలు మీద ఎవరిదో నీడ పడి ఉంది. సన్నగా, మోచేతులు రెండూ బయటికి పెట్టుకుని, మెడ ముందుకు సాచి నిలబడ్డ కుర్రాడి నీడ. నేనే అని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. బట్టతల తడుముకుంటూ అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆ నీడకు ఎంత జుట్టో!