అందరికీ ఒకటే కోటు

కాలేజీ గేటు పక్కన ఫ్లెక్సీలో రెండో వరుసలో నేనున్నాను. నల్ల కోటు, తెల్ల చొక్కా, పళ్ళు కనపడీ కనపడని నవ్వు. ఫొటో కింద ఒక పెద్ద కంపెనీ గుర్తు, దాని కింద ఆకుపచ్చ రంగులో ‘ప్లేస్డ్’ అని ముద్ర. కాస్త తీరిగ్గా చూస్తే ఇంకో సంగతి కూడా కనపడుతుంది. ఆ వరుసలో ఆడపిల్లలందరం ఒకే కోటు వేసుకున్నాం. ఒకేలాంటి కోట్లు కాదు, అచ్చంగా ఒకటే కోటు. అది ప్లేస్‌మెంట్ ఆఫీసు తలుపు వెనక మేకుకు తగిలించి ఉండేది. వంతులవారీగా వేసుకోవాలి. వదులైనవాళ్ళకు వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవారు. నా ముందు వేసుకున్న పిల్ల చెమట ఇంకా ఆరనే లేదు. అయినా నవ్వాను. ఆ రోజు నిజంగానే సంతోషంగా ఉంది మరి.

మాది బెంగళూరు పక్కన అత్తిబెలె. తాతల కాలం నుంచీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నాన్న ఇక్కడి ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. నాకు ఆఫర్ వచ్చిందని తెలిసిన రోజు అమ్మ ఒబ్బట్లు చేసి వీధంతా పంచింది. "మా పాప ప్లేస్ అయింది" అని నాన్న ఫోన్లో చుట్టాలందరికీ చెప్తుంటే మా అవ్వ వింటూ కూర్చుని, "ప్లేస్ అయిందంటే యాడప్పా? ఏ ప్లేసు?" అని అడిగింది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. ఏ ఊరో, ఎప్పుడు చేరాలో మెయిల్లో చెప్తారులే అవ్వా అన్నాను.

అప్పటికి నాకు ఎంటెక్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకే వచ్చింది. బెంగళూరులోనే ప్రభుత్వ కాలేజీలో సీటు ఖాయం. నాకు చదవాలనే ఉంది. "చేతిలో ఉద్యోగం పెట్టుకోని మళ్ళా చదువేంది పాపా?" అన్నాడు నాన్న. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఎవరైనా అదే అంటారు. సీటు వదిలేశాను.

జాయినింగ్ వచ్చే నెలన్నారు. ఆ తర్వాత పండగలు పోయాక అన్నారు. ఆ తర్వాత వ్యాపార పరిస్థితులను బట్టి అన్నారు. ఆ మాటతో మెయిళ్ళు ఆగిపోయాయి. అవ్వ మాత్రం ఆగలేదు. "సుమ్నే, ఊరికే ఇంట్లో కూకోనుండావే, ఇదేనా నీ ప్లేసు?" అనేది. ఒకప్పుడు నవ్విన మాటకే ఇప్పుడు ఒళ్ళు మండేది. అవ్వ మీద గట్టిగా అరిచి, స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. వీధిలో ఒబ్బట్టు తిన్న ప్రతి నోరూ నన్ను జాయినింగ్ గురించి అడిగేది.

ఇక లాభం లేదని, కనీసం ఆ ఫొటో అన్నా తీసెయ్యమని అడగడానికి కాలేజీకి వెళ్ళాను. ప్లేస్‌మెంట్ ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"చూడమ్మా, నీకు ఆఫర్ వచ్చిందా, లేదా?"

"వచ్చింది సార్."

"ఆఫర్ వస్తే ప్లేస్డే. జాయినింగ్ అనేది సెపరేట్ టాపిక్."

ఆ వెంటనే, ఇంట్లో ఖాళీగా ఉండడం ఎందుకు, మన అడ్మిషన్ల ఆఫీసులో చేరిపొమ్మన్నాడు. చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు తల్లిదండ్రులకు ఫోన్లు చేసి మాట్లాడాలి. "నీ తెలుగు వాళ్ళ తెలుగులాగే ఉంటుంది, అది మనకు ప్లస్సు" అన్నాడు. ఫొటో తీసేయించడానికి వెళ్ళినదాన్ని ఆ ఫొటో నీడలో కూర్చునే ఉద్యోగంతో ఇంటికొచ్చాను. అవ్వ ప్రశ్నకు జవాబు దొరికిందని అమ్మ సంబరపడింది.

చేరాక తెలిసింది, నన్ను ప్లేస్‌మెంట్ల లెక్కలో రెండుసార్లు వేసుకున్నారని. ఒకసారి కంపెనీ పేరు మీద, ఇంకోసారి కాలేజీ పేరు మీద. ఏ ఉద్యోగమూ రానివాళ్ళనూ వదల్లేదు. మా క్లాసు అబ్బాయి ఒకడు వాళ్ళ నాన్న చిల్లర అంగట్లో కూర్చుంటున్నాడు. నా పక్క కుర్చీ అమ్మాయి వాడికి ఫోన్ చేసి, "ముందు ముందు చదివే ఆలోచన ఏమైనా ఉందా?" అని అడిగింది. "చూడాలి" అన్నాడు పాపం. చూడాలి అన్న పాపానికి వాణ్ణి ‘ఉన్నత విద్య’ జాబితాలో చేర్చేశారు. వాడు కందిపప్పు పొట్లం కడుతున్న చోటే, వాడికి తెలియకుండా పై చదువు సాగిపోతోందన్నమాట.

నా మటుకు నేను ఫోన్లో హాస్టలు గురించి, బస్సుల గురించి చెప్పేదాన్ని. ఉద్యోగాల సంగతి అడిగితే వచ్చి చూసుకోండి అనేదాన్ని. వచ్చేవాళ్ళు. ముందు ఫ్లెక్సీ చూసేవాళ్ళు.

అలాగే ముళబాగిలు దగ్గర నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయనకు ఎరువుల అంగడి ఉందట. అంతకుముందు ఆదివారం ఒక్కడే వచ్చి, ఆఫీసు మూసి ఉంటే గేటు దగ్గర నిలబడి ఫ్లెక్సీని ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్ళాడట. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"మీరే కదా మేడం, ఆ రెండో లైన్లో ఉండేది? చూస్తివా పాపా? నేను చెప్పలే?"

పాప నా వైపు చూసి మెల్లగా అంది. "అక్కా, నాకు కోలారు గవర్నమెంటు కాలేజీలో బీయెస్సీ సీటు వచ్చింది. లెక్కల్లో. రేపే ఆఖరు. నాకు లెక్కల టీచరు కావాలని ఉండాది."

"లెక్కలు చదివి ఏం చేస్తాది మేడం?" అన్నాడాయన. "మీరు చెప్పండి. మీరు ఊ అంటే ఇప్పుడే ఫీజు కట్టేస్తా."

లోపల ఆఫీసరు గది తలుపు ఓరగా తీసి ఉంది. అయినా చెప్పేశాను. "సార్, ఆ కంపెనీవాళ్ళు నన్ను ఇంతవరకూ పిలవలేదు. ఇంక పిలవరు. ఆ ఫొటో తీసెయ్యమని నేనే అడిగాను, తీయలేదు. ఆ ఉద్యోగాన్ని నమ్ముకుని నేను ఎంటెక్ సీటు పోగొట్టుకున్నాను. మీ పాపను కోలారులోనే చేర్పించండి." పక్క కుర్చీల్లో ఫోన్లు మాట్లాడేవాళ్ళు మాటలాపి నా వైపు చూశారు.

ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు. ఉన్నట్టుండి ఆయన మొహం విప్పారింది.

"అంటే కంపెనీవోడు మోసం చేసినా, కాలేజీవోళ్ళు మిమ్మల్ని ఇడిసిపెట్టలే. పిలిచి వాళ్ళే పనిచ్చినారు."

"సార్, నేను చెప్పేది అది కాదు..."

"ఏసీ గది, కుర్చీ, కంప్యూటరు. ఇంతకన్నా ఏం కావాల మేడం? అదీగాక ఉండేది ఉండేట్ల చెప్పినారు. ఇది మోసం చేసే కాలేజీ అయితే మిమ్మల్ని ఇట్ల చెప్పనిస్తారా?"

ఆయన సంచీ తీసుకుని ఫీజు కౌంటరు వైపు వెళ్ళిపోయాడు. ఆ మనిషి మీద కోపం వచ్చింది. ఆ కోపం నిలవలేదు, ఎందుకంటే ఆయన కూతురి మీద ప్రేమతోనే వెళ్తున్నాడు. మా నాన్న కూడా ప్రేమతోనే మళ్ళా చదువేంది అన్నాడు. ప్రేమగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెప్పే వాళ్ళతో ఏమని పోట్లాడతాం?

"నువ్వన్నా గట్టిగా చెప్పు" అన్నాను పాపతో.

"ఇంక ఇనడక్కా. మీ ఫొటో మా యమ్మ ఫోన్లో ఉండాది. ఊర్లో అందరికీ చూపించేసింది."

ఫీజు కట్టడం అయిందని తెలియగానే ఆఫీసరు బయటికి వచ్చాడు. "వెరీ గుడ్ అమ్మా! పొద్దున ఫోన్లో ఆయన ఇంకా డౌటుగానే ఉన్నాడు. ఎలా కన్విన్స్ చేశావు?"

"నిజం చెప్పాను సార్."

ఆయన పెద్దగా నవ్వాడు. "బాగుంది. అది కూడా ట్రై చేద్దాం."

వాళ్ళను సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, క్షమించమని అడగాలనిపించింది, కానీ చేయని తప్పుకు ఎలా అడగాలో తెలియలేదు. తండ్రి ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళాడు. పాప ఫ్లెక్సీ కింద నిలబడి తలెత్తి నా ఫొటో చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఈ కోటు యాడ కొన్నారు? మా నాయన అడగమన్నాడు. నాకూ అట్లాంటిదే కొనిపెడ్తాడంట."

"కొనొద్దని చెప్పు" అన్నాను. "ఇక్కడే ఉంది, తలుపు వెనక. నీ వంతు వచ్చినప్పుడు వాళ్ళే తొడుగుతారు."